మేష్టారూ, ఒక మాట! – ఈ నెల ఉత్తరాలన్నీ ఎన్నియో మీదే

పోయిన నెల ఈ పేజీలో చివర కాస్త జాగా మిగిలితే, ఇటలీ సినిమా సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే మీద తీసిన ‘ఎన్నియో’ అనే డాక్యుమెంటరీ చూశానని, బాగుందని నాలుగు ముక్కలు రాశాను. మా మేడ మీద గోడకి తెల్ల దుప్పటి కట్టి, పక్కింటి కుర్రాడి ప్రొజెక్టరు అరువు తెచ్చుకుని, ఆరుగురం కూర్చుని చూశాం, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్‌లో ఇన్ని మెసేజీలు వస్తాయని నేనైతే అనుకోలేదు. కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని తిడుతూ. ఒకాయన ఏకంగా చందా డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు (సరదాకేలెండి, ఆయనా నేనూ ఒకే బల్ల మీద చదువుకున్నాం). వంటల ప్రశ్నలు, పెళ్లి సంబంధాల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా. ఈసారికి ఇవే.

ప్రశ్న: రెండున్నర గంటలసేపు ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని మాట్లాడతాడట. ఆయన మనకి ఏమవుతాడని చూడాలి? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, బరంపురం

జవాబు: లెక్క సరిగ్గా చెప్పాలంటే రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. అయినా ఆయన మీకు తెలుసండీ, పేరే తెలీదు. ఎండలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెయ్యి తుపాకీ దాకా వెళ్లీ వెళ్లనట్టు ఉంటే, వెనకాల నక్క ఊళ పెట్టినట్టు ఒక చిన్న కూత, దానికి ఇంకో కూత జవాబు. కాలేజీ వార్షికోత్సవంలో ఎవడైనా టోపీ పెట్టుకుని స్టేజీ ఎక్కితే చాలు, వెనక బెంచీల వాళ్లు నోటితో తీసేది అదే కదా. అది 1966లో సెర్జియో లియోనే తీసిన ‘ది గుడ్ ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ సంగీతం. అమెరికా కథని ఇటలీ వాళ్లు స్పెయిన్ ఎండల్లో తీశారు, ఆ కూత రోములో పుట్టింది, అక్కడి నుంచి మన కాలేజీ వెనక బెంచీ దాకా వచ్చింది.

1971లో మన కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది గుర్తుందా? కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, తెలుగులో తొలి కౌబాయ్ సినిమా. సంగీతం మన ఆదినారాయణరావు గారిది, దాని దారి వేరు. కానీ ఆ గుర్రాలు, టోపీలు, చురుక్కున చూసే చూపులు, ఆ గాలంతా లియోనే సినిమాల నుంచి వీచిందే, ఆ లియోనేకి సగం బలం మోరికోనే. కాబట్టి ఆ సినిమాకి మొదటి ఆటకి లైన్లో నిలబడిన వాళ్లందరికీ ఆయన దూరపు చుట్టమే.

ఇంకో మాట. లియోనే, మోరికోనే ఇద్దరూ చిన్నప్పుడు రోములో ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివారు. పెద్దయ్యాక సినిమా పని మీద కలిస్తే గానీ ఆ సంగతి బయటపడలేదు. ఆ క్లాసు ఫోటో డాక్యుమెంటరీలో చూపిస్తారు.

ప్రశ్న: మేష్టారూ, మా స్కూల్లో పిల్లలకి చూపించాలని ఉంది. ఎలా మొదలవుతుంది? పిల్లలు కుదురుగా కూర్చుంటారా? – ఒక టీచరు, జయపురం

జవాబు: మొదలు మాత్రం అదిరిపోతుందమ్మా. మెట్రోనోమ్ ఉంటుంది చూశారా, తాళం తప్పకుండా టిక్కు టిక్కుమంటూ కొట్టే చిన్న యంత్రం, దాని చప్పుడు వినిపిస్తుంది. ఎనభైలు దాటిన పెద్దాయన ఇంట్లో నేల మీద పడుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తూ వ్యాయామం చేస్తుంటాడు. గొప్పలు చెప్పే గొంతు లేదు, అవార్డుల ఫోటోలు లేవు. ఒక ముసలి మనిషి, ఒక తాళం. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, ఆ తరవాత వాళ్లే సర్దుకుంటారు.

తరవాత చిన్నతనం. 1928లో రోములో పుట్టాడు. తండ్రి మారియో ట్రంపెట్ వాయించి ఇల్లు గడిపేవాడు. కుర్రాడికి డాక్టరు అవ్వాలని ఉండేది, తండ్రి ‘కాదు, ట్రంపెటే’ అన్నాడు. అంతే, సంగీత కళాశాలలో చేర్చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ పిల్లాడు సైనికుల ముందు ట్రంపెట్ ఊది, కూలికి బదులు తిండి తెచ్చుకున్నాడు. తిండి కోసం ఊదడం ఎంత అవమానంగా ఉండేదో ఎనభై ఏళ్లు దాటాక చెబుతుంటే కూడా ఆయన గొంతులో ఆ కుర్రాడే ఉంటాడు. మీ పిల్లల్లో మేళగాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లు ఉంటే, ఆ ముక్క వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మొత్తం ఒక్క రోజులో చూపించకండి. ముప్పావు గంట చొప్పున వారం రోజుల్లో చూపించండి. భాష ఇటాలియన్, కింద ఇంగ్లీషు అక్షరాలు వేగంగా పోతాయి, మీరు పక్కన నిలబడి ఆపి చెప్పాల్సిందే.

ప్రశ్న: ఆస్కార్లు ఎన్ని? – ఇంటర్ విద్యార్థి, ఛత్రపురం

జవాబు: పోటీలో గెలిచింది ఒకటే, 2016లో ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’కి, అప్పుడాయన వయసు 87. అంతకుముందు 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అంతకు ముందు ఐదుసార్లు నామినేషన్ దాకా వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాడు.

ప్రశ్న: ఆయన పాటల్లో కొరడా దెబ్బ, ఈల, గంట, ఎలక్ట్రిక్ గిటారు, మనిషి కేక అన్నీ కలిపేస్తాడు. నేను కీబోర్డు వాయిస్తాను, నేను కలిపితే కలగూర గంపలా ఉంటుంది. ఆయనకి ఎలా కుదిరింది? – ఇంజనీరింగ్ స్టూడెంటు, రాయగడ

జవాబు: బాబూ, నీ ప్రశ్నకే నేను డాక్యుమెంటరీ రెండోసారి చూశాను. నాకు అర్థమైంది చెబుతాను.

ఆయన సినిమాలకి రాకముందు ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి పనిచేశాడు. ఎవరో కట్టిన వరసకి వెనక వాయిద్యాలు అమర్చిపెట్టే పని, మన వాళ్లు అరేంజర్ అంటారు. పాడే వాడి పేరు బయటికి వస్తుంది, అమర్చిన వాడి పేరు డిస్కు మీద చిన్నక్షరాల్లో ఉంటే ఉన్నట్టు. అక్కడ ఈయన ఊరికే ఉండలేదు. 1960లో రేకు డబ్బా గురించిన ఒక సరదా పాట వస్తే, నిజంగానే డబ్బా దొర్లించిన చప్పుడు అందులో పెట్టాడు. పాట దేని గురించో దాని చప్పుడే వాయిద్యం అయింది. మినా అనే గాయని 1966లో పాడిన ‘సే తెలెఫొనాందో’ వరస ఈయనదే. మూడే స్వరాలు, వాటినే తిప్పి తిప్పి వాడాడు, కానీ ప్రతిసారీ కొట్టు వేరే స్వరం మీద పడుతుంది కాబట్టి చెవికి విసుగు రాదు. నీ కీబోర్డు మీద మూడు మెట్లు పట్టుకుని ఒక సాయంత్రం అదే పని చేసి చూడు.

1958లో జర్మనీలోని దార్మ్‌స్టాట్‌కి వెళ్లాడు. కొత్త రకం సంగీతం రాసేవాళ్లు చేరే చోటు అది. అక్కడ జాన్ కేజ్ లాంటి వాళ్లు ఏ చప్పుడైనా సంగీతమే అని తేల్చి చెప్పేవారు. తిరిగొచ్చి తరవాత కొందరు మిత్రులతో కలిసి వాయిద్యాలని గోకి, తట్టి, పిండి, అప్పటికప్పుడు ఏది తోస్తే అది వాయించే బృందంలో చేరాడు. వినడానికి ఒక్కోసారి పళ్లు జివ్వుమంటాయి, అది వేరే సంగతి. అంటే ఒక చేత్తో పాప్ పాటలు, ఇంకో చేత్తో ఈ ప్రయోగాలు. కొరడా, సుత్తి దెబ్బలు కూడా సినిమా కోసం పుట్టినవి కాదు. ఒక అమెరికన్ జానపద పాటకి ముందే రికార్డు కంపెనీలో అలా వాయిద్యాలు అమర్చి ఉంచాడు. లియోనే అది విని, ఇదే కావాలి, పాట తీసేసి దాని మీద వరస కట్టు అన్నాడు. అలా 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ వచ్చింది. ఈల వేసింది అలెస్సాంద్రో అలెస్సాంద్రోని. మాటల్లేకుండా ఆకాశానికి ఎగబాకే ఆ ఆడగొంతు, తరవాతి సినిమాల్లో వినిపించేది, ఎద్దా దెల్లోర్సోది.

కలగూర గంప ఎందుకు కాలేదంటే, ఒక చప్పుడు వచ్చినప్పుడు ఇంకోటి తప్పుకుంటుంది. కొరడా పడ్డాక ఖాళీ ఉంటుంది, ఈల ఆ ఖాళీలో వస్తుంది. నువ్వు ఎక్కడ కలుపుతున్నావో కాదు, ఎక్కడ ఆపుతున్నావో ఒకసారి విను. 1968లో వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ మొదట్లో ముగ్గురు మనుషులు స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తుంటారు. అంతసేపూ సంగీతం లేదు. గాలిమర కిర్రుమంటుంది, టోపీ మీద నీటి చుక్క పడుతుంది, ఈగ ముసురుతుంది. అదే సినిమాకి మిగతా సంగీతం షూటింగుకి ముందే రాయించుకుని, సెట్లో ఆ పాట పెట్టి నటుల్ని నడిపించాడు లియోనే. మన దగ్గర పాటకి స్టెప్పులు వేయించినట్టు, వాళ్లు నడకకీ చూపుకీ వేయించారు.

ప్రశ్న: మీరు ఎంత చెప్పినా సినిమా సంగీతం సినిమా సంగీతమే. శాస్త్రం నేర్చుకున్నవాడు అటు పోతే దిగజారినట్టే. ఇది నా అభిప్రాయం, వేస్తే వెయ్యండి లేకపోతే లేదు. – సంగీతం నేర్పే ఒక పెద్దాయన, పర్లాకిమిడి

జవాబు: వేశానండీ. మీ అభిప్రాయంతో మోరికోనే చాలా ఏళ్లు ఏకీభవించాడు, అదే ఈ డాక్యుమెంటరీలో నన్ను కదిలించింది.

ఆయన రోములో శాంతా సెసీలియా కళాశాలలో గోఫ్రెదో పెత్రాస్సి అనే గురువు దగ్గర సంగీత రచన నేర్చుకున్నాడు. గురువంటే ప్రాణం. పెత్రాస్సి పెద్ద విద్వాంసుడు, ఆయన శిష్యుడు కచేరీ హాళ్లకి రాయాలి గానీ గుర్రాల సినిమాలకి రాస్తాడా? ఇంట్లో పెళ్లాం, పిల్లలు, డబ్బు కావాలి. రాశాడు. మొదట్లో ఆ కౌబాయ్ సినిమా మీద సొంత పేరు కూడా వేసుకోలేదు, ‘డాన్ సావియో’ అని మారుపేరు. సినిమా వాళ్లంతా అమెరికన్ పేర్లు పెట్టుకునే రోజులవి, నిజమే, కానీ అది ఒక్కటే కారణమని నాకు అనిపించదు. తోటి శిష్యులు తనని చిన్నచూపు చూశారని, గురువుగారి దగ్గర తప్పు చేసినవాడిలా నిలబడేవాడినని ఈ వయసులో చెబుతూ కళ్లు తుడుచుకుంటాడు. ఐదొందల సినిమాలకి దగ్గరగా పని చేసిన మనిషి, ప్రపంచమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మనిషి, క్లాసులో మార్కులు తక్కువ వచ్చిన పిల్లాడిలా.

ఆ బాధ ఒడిశాలో ఉండే మన సరిహద్దు తెలుగువాళ్లకి కొత్త కాదు. ఇచ్ఛాపురం దాటితే మనం ‘ఒడియా వాళ్లం’, ఇటు వస్తే ‘ఆంధ్రా వాళ్లం’. పోనీలెండి, ఆ గోల ఇప్పుడెందుకు.

కానీ అయ్యా, దిగజారాడా అంటే మాత్రం నేను ఒప్పుకోను. పెత్రాస్సి దగ్గర నేర్చిన కౌంటర్‌పాయింట్, అంటే రెండు మూడు వరసలు ఒకేసారి దేని దారిన అది నడుస్తూ ఒకదాన్నొకటి తొక్కకుండా పోయే విద్య, అదే పట్టుకెళ్లి సినిమాలో పెట్టాడు. వాయిద్యాల అమరిక ఇంకొకరికి అప్పజెప్పలేదు, ప్రతి వాయిద్యానికీ తన చేత్తోనే రాశాడు. పియానో ముందు కూర్చుని వెతుక్కోవడం కాదు, బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాసినట్టు కాగితం మీద రాసేవాడు. మీరు ఒక్కసారి చూసి, అప్పుడు నన్ను తిట్టండి. రెండో ఉత్తరం కూడా వేస్తాను.

ప్రశ్న: ఆయనకి చదరంగం పిచ్చి అట, నిజమేనా? – చెస్ నేర్చుకుంటున్న అబ్బాయి, బరంపురం

జవాబు: నిజం. 2006లో తురిన్‌లో చెస్ ఒలింపియాడ్ జరిగితే దానికి పాట కూడా కట్టాడు. నువ్వు ముందు లెక్కల పరీక్ష పాసవ్వు.

ప్రశ్న: అంత ఓపిక లేదు. ఒక ఇరవై నిమిషాలు చూడాలంటే ఏది చూడమంటారు? – గృహిణి, రాయగడ

జవాబు: ‘ది మిషన్’ గురించి వచ్చే భాగం చూడండి. మేం చూస్తుంటే సరిగ్గా అక్కడే కరెంటు పోయింది, ఆరుగురం చీకట్లో అరగంట దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం గానీ ఒక్కరూ కిందికి దిగలేదు. దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

1986 సినిమా. దక్షిణ అమెరికా అడవుల్లో గ్వారానీ ప్రజల మధ్యకి వెళ్లిన క్రైస్తవ ఫాదరీల కథ. మోరికోనేకి ముందు సంగీతం లేకుండా చూపించారు. ఏడ్చాడు, దీనికి సంగీతం అక్కర్లేదు, నేను పాడుచేస్తాను అని వెళ్లిపోబోయాడు. ఆ తరవాత ఒప్పుకున్నాడు. కథలో ఫాదరీ ఓబో వాయిస్తాడు, అది మన సన్నాయికి అక్కడి చుట్టం, దానికీ రెండు రెల్లు ముక్కల మధ్య నుంచి గాలి ఊదాలి. నటుడి వేళ్లు అప్పటికే తెర మీద కదులుతున్నాయి, కాబట్టి వరస ఆ వేళ్లకి సరిపోవాలి, ఆ కాలపు గమకాలు ఉండాలి. ఇంకో పక్క చర్చిలో పాడే బృందగానం ఉండాలి. మూడో పక్క అడవి మనుషుల లయ ఉండాలి. ముందు ఓబో వరస, తరవాత దాంతో బృందగానం, ఆ మీద లయ, చివరికి మూడూ ఒకేసారి. ఇది ఎలా కుదిరిందో ఆయన చేతులు ఊపుతూ, నోటితోనే పాడి చూపిస్తాడు. చేతిలో వాయిద్యం లేదు. అంత పెద్ద ఆర్కెస్ట్రా మొత్తం ఒక ముసలాయన పెదాల మీద ఉంటుంది. ఆ సినిమాకి ఆస్కార్ రాలేదు, ఆ ఏడాది ఇంకో సినిమాకి ఇచ్చారు. ఆ కోపం ఆయనకి ఎప్పటికీ పోలేదని నాకు అనిపించింది, అది దాచుకోకపోవడం కూడా నాకు నచ్చింది.

ప్రశ్న: మీరు దేన్ని చూసినా ఆహా ఓహో అంటారు. తప్పులేమీ లేవా అందులో? – పాత పాఠకుడు, రాయగడ

జవాబు: ఉన్నాయి. పొగిడే వాళ్లు ఎక్కువైపోయారు. క్లింట్ ఈస్ట్‌వుడ్, టరంటినో, జాన్ విలియమ్స్, హాన్స్ జిమ్మర్, ఇంకా పాటగాళ్లు, దర్శకులు, ఒకరి తరవాత ఒకరు వచ్చి మహానుభావుడు, మేధావి అని చెప్పి వెళ్తుంటారు. సన్మాన సభలో శాలువా కప్పే లైను గుర్తొచ్చింది నాకు. మేధావి అన్న మాట పదోసారి విన్నాక చెవికి ఎక్కదు. అదే ఒక వాయిద్యకారుడో, రికార్డింగులో కూర్చున్న మనిషో వచ్చి ‘ఆ రోజు ఇలా వాయించమన్నాడు’ అంటే నిటారుగా కూర్చుంటాం.

ఈ డాక్యుమెంటరీ తీసిన జుసెప్పే తోర్నతోరే కూడా మోరికోనేకి పరాయివాడు కాదు. 1988లో ‘సినిమా పారడైసో’ నుంచి తన సినిమాలన్నిటికీ మోరికోనేతోనే చేయించుకున్న దర్శకుడు. ప్రేమ ఉన్నవాడు తీస్తే కష్టమైన ప్రశ్నలు అడగడు, ఇక్కడా అడగలేదు. మోరికోనే 2020 జులైలో పోయాడు, సినిమా 2021లో వెనిస్ చిత్రోత్సవంలో వేశారు. ఆయన లేని లోటు తోర్నతోరే చేతులకి అడ్డం పడిందేమో కత్తిరించేటప్పుడు.

అయినా కొన్ని పిట్టకథలు బాగుంటాయి. ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ అనే సినిమాకి దాని దర్శకుడు కుబ్రిక్ ఈయన్ని అడుగుదామనుకుంటే, ఈయన ఖాళీ లేడని మధ్యలో లియోనే చెప్పి చెడగొట్టాడు. స్నేహితుడు చేసిన పని! ఇంకోటి, దర్శకులకి నాలుగైదు వరసలు వినిపిస్తే వాళ్లు వాటిలో చెత్తది ఏరుకునేవారట. అప్పటినుంచి ముందు భార్య మరియాకి వినిపించి, ఆవిడ బాగుందన్నవే బయటికి తీసేవాడు. ఆవిడ సంగీతం చదువుకోలేదు, వినడం తెలుసు.

ప్రశ్న: ఇటలీ వాడి గురించి ఇంత రాశారు. మన ఘాట్ దిగితే సాలూరు, సాలూరి రాజేశ్వరరావు గారి ఊరు ఆ పక్కనే. ఆయన మీద ఒక్క ముక్క రాశారా? – లారీ ఓనరు, కోరాపుట్

జవాబు: దెబ్బ సరిగ్గా తగిలిందండీ. మీరు సుంకి ఘాట్ దిగి రోజూ వెళ్లే దారే అది. సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టారు ఆయన. 1951లో ‘మల్లీశ్వరి’ ఒక్కటి చాలు, రేడియోలో వస్తుంటే మా ఇంట్లో ఇప్పటికీ మిక్సీ ఆపేస్తారు.

ఆయన మీద మోరికోనే తరహాలో ఎవరైనా తీస్తే, నేను ముందు అడిగేది ‘మాయాబజార్’ సంగతి. 1957లో వచ్చిన ఆ సినిమాకి మొదట సంగీత దర్శకుడు రాజేశ్వరరావు గారే. నాలుగు పాటలకి వరసలు కట్టి తప్పుకున్నారు, తరవాత ఘంటసాల గారు ఆ వరసలకి వాయిద్యాలు అమర్చి రికార్డు చేసి, మిగతా సంగీతం తను చేశారు. ‘లాహిరి లాహిరి’ వరస అలా ఒకరిది, మనం వినే ఆ పడవ ఊగు ఇంకొకరిది. ఇద్దరు మహానుభావులు ఒక్క పాటలో! ఎంత భాగం ఎవరిదో, ఆ ఫ్లూటు ఎవరు వాయించారో, ఆ రోజు స్టూడియోలో ఎవరెవరు కూర్చున్నారో చెప్పే మనిషిని కెమెరా ముందు కూర్చోబెట్టి ఉంటే? మన దగ్గర సంగీత దర్శకుల మీద కార్యక్రమం అంటే పాటలు వేసి, మధ్యలో ‘అమృతం కురిసింది’ అంటారు. వరస ఎక్కడ పుట్టిందో, ఏ కాగితం మీద రాశారో, ఎన్నిసార్లు కొట్టేశారో అడగరు. మోరికోనే దగ్గర నాకు అసూయ పుట్టింది ఆస్కార్ చూసి కాదు, అడిగే మనిషి ఉన్నందుకు.

ప్రశ్న: మేష్టారూ, నమస్తే. మా తాతయ్య నలభై ఏళ్లు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించారు. గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా ఆయన ఊదని పెళ్లి లేదని మా అమ్మ అంటుంది. పళ్లు పోయాక మానేశారు. మీరు రాసింది చదివాక ఆయన మీద ఫోనుతో చిన్న డాక్యుమెంటరీ తీద్దామనిపించింది. కెమెరా పెడితే సిగ్గుపడి ‘నాదేముందమ్మా’ అంటారు. ఏం చెయ్యాలి? – డిగ్రీ అమ్మాయి, గుణుపురం

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన వాటిలో నాకు నచ్చిన ఉత్తరం నీదే, అందుకే చివర ఉంచాను.

ముందు నీకొక సంగతి. మోరికోనే తండ్రి మారియో వయసు మీద పడ్డాక ట్రంపెట్ మునుపటిలా వాయించలేకపోయాడు. కొడుకు అప్పటికే పేరున్న సంగీత దర్శకుడు, రికార్డింగుకి నాన్నని పిలవమని తల్లి అడుగుతుంది. పిలిస్తే పని పాడవుతుంది, వేరే ట్రంపెట్ వాడిని పిలిస్తే నాన్న మనసు విరుగుతుంది. కొడుకు ఏం చేశాడంటే, తండ్రి బతికున్నన్నాళ్లూ తన సంగీతంలో ట్రంపెట్‌నే పక్కన పెట్టేశాడు. వాయిద్యకారుడికి వాయిద్యం చేతిలోంచి జారిపోవడం అంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు. మీ తాతయ్యది సిగ్గు కాదు, ఇదే అయ్యుంటుంది. పళ్లు లేకపోతే పెదం నిలవదు, పెదం నిలవకపోతే స్వరం పలకదు, ఊదలేని మనిషిని ట్రంపెట్ గురించి అడిగితే ఏం చెబుతాడు?

కాబట్టి ఊదమని అడక్కు. నోటితో పాడమను. నేను పైన రాశాను చూడు, మోరికోనే ఆర్కెస్ట్రా మొత్తం పెదాలతోనే చూపించాడు. ‘పెళ్లికొడుకు కారు దిగినప్పుడు ఏది ఎత్తుకునేవారు తాతయ్యా?’ అని అడుగు, ఆయనే తారారా అంటాడు. వేళ్లు వాటంతట అవే మూడు మీటల మీద ఉన్నట్టు కదులుతాయి. ఆ వేళ్లు తియ్యి, మొహం తరవాత.

‘మీ అనుభూతి ఏమిటి’, ‘సంగీతం మీకు ఏమిచ్చింది’ లాంటి ప్రశ్నలు టీవీ వాళ్లకి వదిలెయ్యి. పని గురించి అడుగు. నడుస్తూ ఊదేటప్పుడు గాలి ఎక్కడ పట్టేవారు? రోడ్డు గతుకులుంటే పళ్లకి తగిలేదా? ఒడియా వాళ్ల పెళ్లికీ మనవాళ్ల పెళ్లికీ పాటలు మార్చేవారా, ఎవరు చెప్పేవారు? కొత్త సినిమా పాట రాగానే నోట్సు లేకుండా ఎలా పట్టేవారు, రేడియోలో విన్నా, హాలుకి వెళ్లా? క్లారినెట్ వాడు తప్పితే ఎలా కప్పిపుచ్చేవారు? వర్షం వస్తే కూలి ఇచ్చేవారా? ఒక ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చో. ఆయన ఆగితే నువ్వు తొందరపడి ఇంకోటి అడక్కు. ఆ ఆగిన చోటే అసలు మాట వస్తుంది చాలాసార్లు.

ఫ్యాను ఆపెయ్యి, లేకపోతే మొత్తం గాలి చప్పుడే. ఫోను అడ్డంగా పట్టుకో, ఏదైనా పుస్తకాల దొంతరకి ఆనించు, చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. ఇంకో ఫోను ఉంటే ఆయన చొక్కా జేబులో వేసి గొంతు దాంతో రికార్డు చెయ్యి, తరవాత రెండూ కలుపుకోవచ్చు, కెమెరా ఆన్ చెయ్యగానే ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే కలిపేటప్పుడు సులువు. పొద్దున్న పూట, ఆయన రోజూ కూర్చునే అరుగు మీద కూర్చోబెట్టు, కొత్త చొక్కా తొడిగించకు. రోజుకి అరగంట చాలు. తీసినవన్నీ రెండు చోట్ల దాచు, ఫోను పోతే తాతయ్య గొంతు కూడా పోతుంది.

మేళంలో ఆయనతో ఊదిన వాళ్లు ఇంకెవరైనా ఉంటే ఒక సాయంత్రం టీకి పిలువు. ఆయనని పొగడమని కాదు. పాత పెళ్లి ఒకటి గుర్తు చేసుకోమను, ఇద్దరికీ లెక్క కుదరక పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట తియ్యి.

ట్రంపెట్ ఇంకా ఇంట్లోనే ఉందా? ఉంటే, పెట్టె ఆయన చేతే దింపించు. తెరవక ముందే కెమెరా ఆన్ చేసి ఉంచు.